5లో 3 అంటే సగమే కదా, వెనక్కి ఎందుకు తిరగాలి?

గోదారిగట్టు
శనివారం జరిగింది చెబుతాను, తప్పు ఎవరిదో మీరే తేల్చండి. రాజమండ్రి నుంచి మా బావమరిది వచ్చాడు. ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా మంచు చూసిన మనిషి కాదు. సియాటిల్ నుంచి గంట ప్రయాణమే కదా అని స్నోక్వాల్మీ పాస్‌కు తీసుకెళ్లాను. ఆల్పెంటల్ దగ్గర కారు ఆపి, అద్దెకు తెచ్చిన స్నోషూలు కట్టుకుని స్నో లేక్ దారి పట్టాం. వేసవిలో నేను నాలుగుసార్లు వెళ్లివచ్చిన దారే. సంచిలో పులిహోర, ఫ్లాస్కులో టీ. ముందురోజు వరకు మూడు రోజులు కురిసింది, శనివారం మాత్రం ఎండ విరగకాసింది. అంతకన్నా మంచి రోజు ఏముంటుంది?

అరగంట నడిచామో లేదో, స్కీల మీద ఎదురుగా వస్తున్న ఇద్దరు ఆగారు. బీకన్ (మంచు కింద చిక్కుకున్న మనిషి చోటు చెప్పే రేడియో పరికరం) ఉందా అన్నారు. లేదు. పార ఉందా? లేదు. కొండ మీది మంచు జారిపడే ప్రమాదం ఎంతో చెప్పే ఈరోజు అవలాంచ్ బులెటిన్ చూశారా? అదీ లేదు. "ఈరోజు కన్సిడరబుల్, 5లో 3. ఇక్కడి నుంచి పైకి వెళ్లకండి" అని ఇంగ్లీషులో ఒక క్లాసు పీకారు. బావమరిది ముందు నా పరువు పోయింది. వెనక్కి వచ్చేశాం, పులిహోర కారులో తిన్నాం.

నా ప్రశ్న ఇది. 4 అంటే హై, 5 అంటే ఎక్స్‌ట్రీమ్. 3 అంటే మధ్యస్థం కాదా? పైగా మేము కొండ ఎక్కడం లేదు, దాదాపు చదునైన దారిలో నడుస్తున్నాం. ఆ రోజు సాయంత్రం దాకా అక్కడ ఏమీ పడలేదని కూడా కనుక్కున్నాను.

ఉప్మావ్యతిరేకి
5కి 3 అంటే 60 శాతం, ఫస్ట్ క్లాసు. కొండ పాసైంది, మీరు తప్పారు.

మంచుపిల్లి
ఆ ఇద్దరికీ నా తరఫున కృతజ్ఞతలు. గోదారిగట్టు గారూ, కోపం తెచ్చుకోకండి, అది మార్కుల పట్టిక కాదు. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ముందురోజు సాయంత్రమే బులెటిన్ పెడుతుంది. అందులో ప్రతి అంకె కింద రెండు మాటలు ఉంటాయి: తనంతట తానుగా జారే అవకాశం, మనిషి కదిలిస్తే జారే అవకాశం. 2 దగ్గర మొదటిది జరగకపోవచ్చు, రెండోది జరగవచ్చు. 3 దగ్గర మొదటిది జరగవచ్చు, రెండోది జరిగే అవకాశమే ఎక్కువ. అంటే 3 రోజున మీరు తప్పుడు వాలు మీద కాలు పెడితే జారుతుందనుకునే నడవాలి.

ఇంకొకటి. ఎక్కువమంది ప్రాణాలు పోగొట్టుకునేది 5 రోజున కాదు, 3 రోజున. 4, 5 ఉంటే జనం ఇంట్లో కూర్చుంటారు. 3 అనగానే మీలాగే "మధ్యస్థం" అనుకుని బయలుదేరతారు. అదీ తుఫాను వెలిసి ఎండ కాసిన మొదటి శనివారం.

గోదారిగట్టు
సరే, వాలు మీద కాలు పెడితేనే కదా. మేము లోయలో చదునైన చోట నడుస్తున్నాం అంటున్నాను.

మంచుపిల్లి
మీరు నిలబడిన చోటు చదునే. మీ తల మీద ఏముందో చూశారా? ఆల్పెంటల్ లోయకు రెండు పక్కలా నిటారు గోడలు. పైన 38 డిగ్రీల వాలులో జారింది కింద చదునుకు వచ్చి ఆగుతుంది. అంటే అది ఆగే చోటునే మీరు పులిహోర విప్పబోయారు. ఆ వేసవి దారి చలికాలంలో మంచు జారే కాలువలను అడ్డంగా దాటుకుంటూ పోతుంది. వేసవిలో అక్కడ రాళ్లు, చిన్న పొదలు తప్ప పెద్ద చెట్లు లేవెందుకు అని ఎప్పుడైనా ఆలోచించారా? అంచుల్లో ఉన్న చెట్లకు ఎగువ వైపు కొమ్మలు ఉండవు, దిగువ వైపే ఉంటాయి. ఎగువ కొమ్మలను మంచు తీసుకుపోయింది.

గోదారిగట్టు
ఆ చెట్లు చూశాను. గాలికి అలా అయ్యాయనుకున్నాను.

లెక్కలమాస్టారు
చిన్న లెక్క. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న ముక్క ఒకటి ఊడిందనుకోండి. మన ఇళ్లలో పెద్ద హాలు కన్నా కాస్త ఎక్కువ, అంతే. 50 ఘనపు మీటర్లు. కాస్త కుదురుకున్న మంచు ఘనపు మీటరుకు 200 కిలోలు వేసుకున్నా 10 టన్నులు. ఇసుక లారీ. అదీ చిన్న ముక్క సంగతి.

డెన్వర్‌దొర
మీ కాస్కేడ్స్ కొండల మంచు మాతో పోలిస్తే బుద్ధిమంతురాలు. సముద్రం పక్కన ఉంటారు, బరువుగా తడిగా కురుస్తుంది, రెండు మూడు రోజుల్లో ఒకదానికొకటి అతుక్కుంటుంది. గొడవంతా తుఫాను రోజున, ఆ మర్నాడు. మా కొలరాడోలో నవంబరులో కాస్త కురిసి ఆగిపోతుంది. ఆ పలచటి పొరకు కింద నేల దాదాపు సున్నా డిగ్రీలు, పైన గాలి మైనస్ 20. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ తేడా దాటిందంటే ఆవిరి కింద నుంచి పైకి పాకుతూ మంచు రేణువులను కోణాలు తేలిన గింజలుగా మార్చేస్తుంది. గుప్పెట్లో తీసుకుంటే పంచదారే. ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద జనవరిలో మూడడుగులు కురుస్తుంది. ఇసుక మీద మేడ. ఆ పంచదార ఒక్కొక్క ఏడు మార్చి దాకా మమ్మల్ని వదలదు.

అందుకని ఒక సూచన: ఒకచోట నేర్చుకున్న ధైర్యం ఇంకోచోటికి తీసుకెళ్లకండి. మా ఆఫీసులో సియాటిల్ నుంచి బదిలీ అయి వచ్చిన ఒకాయన "తుఫాను ఆగి నాలుగు రోజులైంది కదా" అంటాడు. ఇక్కడ నలభై రోజులైనా చాలదు.

కుంకుడుకాయ
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మీరందరూ "మంచు" అంటుంటే ఏ మంచో తెలియడం లేదు. మనకు పొగమంచు, గడ్డి మీద మంచు, కురిసే మంచు, నీళ్లు గడ్డకట్టిన మంచు అన్నీ మంచే. పేపర్లో "హిమపాతం" అని వేస్తారు. ఒకరోజు దానికి అర్థం సిమ్లాలో మంచు కురిసిందని, మర్నాడు అదే మాటకు అర్థం పదిమంది పోయారని. పర్యాటకులు ఆనందించే హిమపాతం, ప్రాణాలు తీసే హిమపాతం!

రెండోబ్యాచ్
అందుకే కొన్ని పేపర్లు "మంచు చరియలు" అంటాయి. కొండచరియలకు జోడీగా బాగానే ఉంది.

మంచుపిల్లి
మంచుచరియ నాకు నచ్చింది, ఇక్కడి నుంచి అదే వాడతాను. కాకపోతే అన్నీ చరియలు కావు. కొత్త మంచు ఒక బిందువు దగ్గర మొదలై విసనకర్రలా విప్పుకుంటూ జారేది ఒక రకం. గట్టిపడిన పలక మొత్తం, అంచు కత్తితో కోసినట్టు తెగి జారేది రెండో రకం. మనుషులను చంపేది చాలావరకు ఈ రెండోది.

గడ్డి మీద మంచు అన్నారు కదా, ఆ మాటకే వస్తున్నాను. లంబసింగిలో జనవరి పొద్దున గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూసినవాళ్లు ఉన్నారా? ఆకాశంలో మబ్బు లేని, గాలి లేని రాత్రుల్లో ఇక్కడ మంచు మీదే అలాంటిది పూస్తుంది. ఈకల్లాంటి పలచటి రేకులు, వేలెడంత కూడా పెరుగుతాయి. పొద్దున ఎండలో చూస్తే కొండంతా తళతళలాడుతుంది, ఫొటోలు తీసుకోకుండా ఉండలేం. తుషారం అనండి. ఆ తుషారం చెదరకుండా దాని మీద తుఫాను కురిసిందంటే, ఆ అందం రెండడుగుల లోతున బలహీన పొరగా కూర్చుంటుంది.

కుంకుడుకాయ
లంబసింగి చూశాను. చెయ్యి పెడితే కరిగిపోయింది. అదే కొండను జారుస్తుందా!

రెండోబ్యాచ్
నాకొక సందేహం. ఇంత శాస్త్రం తెలిసినవాళ్లు కూడా పోతున్నారు కదా? స్టీవెన్స్ పాస్ దగ్గర టన్నెల్ క్రీక్‌లో 2012 ఫిబ్రవరి 19న వెళ్లిన 16 మందిలో కొత్తవాళ్లెవరు? అందరూ ఆ కొండల్లో తలలు పండినవాళ్లే. ముగ్గురు పోయారు. కింద ఉన్నది మంచుపిల్లి గారు చెప్పిన ఆ తుషార పొరే. బులెటిన్లు, బీకన్లు, కోర్సులు అన్నీ ఉండి ఏమి లాభం?

మంచుపిల్లి
అక్కడ మనసులో సందేహం ఉన్నవాళ్లు కూడా గుంపును చూసి నోరు విప్పలేదు. ఇంతమంది, ఇంత పెద్దవాళ్లు వెళ్తుంటే నేనెవరిని అనుకున్నారు. మంచు చదవడం వచ్చినా గుంపులో "వద్దు" అనడం రాకపోతే అంతే. నేను వెళ్లే బృందంలో ఒక్కరు వద్దంటే చాలు, కారణం అడగకుండా అందరం తిరిగి వస్తాం.

డెన్వర్‌దొర
కారణం అడగకుండా తిరిగి వచ్చే తెలుగువాళ్ల బృందం ఉందా? ఎక్కడ? నేనూ చేరతాను.

పాతఫౌజీ
నాలుగు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. ద్రాస్ వైపు రెండు చలికాలాలు చేశాను. అప్పట్లో మాకు బీకన్లు అందరికీ ఉండేవి కావు. నడుముకు ఎర్ర తాడు కట్టుకునేవాళ్లం, పదిహేను మీటర్లు ఉంటుంది. మంచు మనిషిని మింగినా తేలికగా ఉండే తాడు ఎక్కడో ఒకచోట పైన తేలుతుందని ఆశ. అది పట్టుకుని తవ్వాలి. ఆశే, హామీ కాదు.

దాటే పద్ధతి మాత్రం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. తెల్లవారకముందే ప్రమాదమున్న నాలా దాటేయాలి, ఎండ ఆ వాలును తాకిందంటే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. ఒకరు దాటి అవతల గట్టి చోట నిలబడేదాకా రెండోవాడు అడుగు వేయకూడదు. మిగతావాళ్ల కళ్లన్నీ ఆ ఒక్కడి మీదే. సంచి బకిళ్లు వదులు చేసి పెట్టుకోవాలి, చేతికర్ర పట్టీ మణికట్టుకు తగిలించుకోకూడదు. గట్టిగా మాట్లాడకూడదు, ఆ శబ్దానికి మంచు కదులుతుంది.

హెచ్చరికలు సాసే (మంచు, మంచుచరియలను అధ్యయనం చేసే రక్షణ శాఖ సంస్థ) నుంచి వైర్‌లెస్‌లో వచ్చేవి. ఇప్పుడు దాన్ని కలిపేసి డీజీఆర్ఈ అంటున్నారు. వద్దని కబురు వచ్చినరోజు రేషన్ కూడా కదిలేది కాదు.

లెక్కలమాస్టారు
ఫౌజీ గారూ, అన్నింటికీ నమస్కారం, ఒక్కదానికి తప్ప. అరుపుకు మంచుచరియ కదలదు. గొంతు పుట్టించే ఒత్తిడి బలహీన పొర తెగడానికి కావలసినదానిలో ఏ మూలకూ రాదు. సినిమాల్లో మాత్రమే హీరో అరిస్తే కొండ కూలుతుంది. కదలాలంటే మనిషి బరువు, కొత్త మంచు, గాలి మోసుకొచ్చిన మంచు, వాన, లేదంటే పేలుడు కావాలి.

పాతఫౌజీ
మా సుబేదారు చెప్పింది మీకు చెప్పాను. ఆయన ఫిజిక్స్ చదువుకోలేదు, 14 చలికాలాలు అక్కడ బతికాడు.

మంచుపిల్లి
ఇద్దరూ గెలిచారు. అరుపుకు కదలదు, నిజం. కానీ నోరు మూసుకున్నవాడికే వినబడే చప్పుడు ఒకటి ఉంది. నడుస్తుంటే కాళ్ల కింద "ధప్" మని, ఏదో పెద్ద జంతువు ఊపిరి వదిలినట్టు ఉంటుంది. కింద బలహీన పొర కూలినప్పుడు వచ్చేది అది. చదును మీద విన్నారు కాబట్టి బతికారు, అదే పొర పక్క వాలు కింద కూడా ఉంది. కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లకు అది వినబడదు. సుబేదారు గారి నియమం సరైనదే, కారణమే వేరు.

పాతఫౌజీ
ఆ చప్పుడు నాకు తెలుసు. అది విన్నాక ఎవరికీ మాటలు రావు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనం పోస్టు మీద పడింది గుర్తుందా? 19,600 అడుగులు. మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది, అందులో మన కర్నూలు జిల్లా కుర్రాడు కూడా ఉన్నాడు. లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కడు ఆరు రోజుల తరవాత ప్రాణంతో బయటపడ్డాడు, 11న ఢిల్లీలో పోయాడు. అక్కడ బులెటిన్ చూసుకుని ఆదివారం మానేద్దాం అనుకునే వీలు లేదు. మీకు ఉంది.

కుంకుడుకాయ
ఆ ఆరు రోజులూ మా ఇంట్లో టీవీ కట్టలేదు.

ఉప్మావ్యతిరేకి
వాతావరణం తేలిక చేస్తాను. డెన్వర్‌దొర గారి పంచదార సిద్ధాంతం మా వంటింట్లో పరీక్షించాను. స్టీలు పళ్లెం, దాని మీద పంచదార ఒక పొర, దాని మీద మా అత్తగారు పంపిన మైసూర్ పాకు పెద్ద పలక. నెయ్యి కారే రకం కాదు, పాత పద్ధతి గట్టి రకం. పళ్లెం ఒకవైపు మెల్లగా ఎత్తుతూ, కోణం చూడటానికి ఫోను అంచుకు ఆనించి పెట్టాను. 20 దగ్గర ఏమీ లేదు. 28 దగ్గర రెండు గింజలు దొర్లాయి. 33 దగ్గర పలక మొత్తం ఒక్కసారిగా వచ్చి గ్యాసు స్టవ్వును గుద్దుకుంది. పంచదార తీసేసి చేస్తే అదే పలక 40 దాకా కదలలేదు. మా ఆవిడ ఇదంతా వీడియో తీసింది, దేనికి వాడుకుంటుందో తెలియదు.

డెన్వర్‌దొర
అద్భుతం! నిజంగానే పలక రకం మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యే. అంతకన్నా నిటారు చోట మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 30 కన్నా తక్కువ ఉంటే చాలావరకు జారదు. స్కీయింగ్‌కు సరదాగా ఉండేది కూడా సరిగ్గా ఆ 30, 45 మధ్యే, అదీ మా ఖర్మ.

లెక్కలమాస్టారు
ఒప్పుకోను. ఉప్మావ్యతిరేకి గారు కొలిచింది రాపిడి కోణం మాత్రమే. కొండ మీద పలక అంత తేలికగా ఊడిరాదు, నాలుగు వైపులా మిగతా మంచుకు అంటుకుని ఉంటుంది. అసలు సంగతి పగులు పాకడం. ఒకచోట మీ బరువుకు బలహీన పొర కూలుతుంది. అక్కడ పైపలకకు ఆధారం పోయి వంగుతుంది, ఆ వంపు పక్కనున్న పొరను కూలుస్తుంది, అది దాని పక్కదాన్ని. పేకముక్కలు వరసగా నిలబెట్టి ఒకటి తోసినట్టు. అందుకే కింద చదునులో నిలబడ్డ మనిషి పొర కూలిస్తే, పైన వంద మీటర్ల దూరంలో వాలు తెగి అతని మీదికే రావచ్చు. మైసూర్ పాకుతో ఇది చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ఉప్మావ్యతిరేకి
చూపించలేను. తినేశాం.

గోదారిగట్టు
అందరూ బాగానే చెబుతున్నారు, నా మూడో మాటకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. శనివారం అక్కడ ఏమీ పడలేదు. ఆ ఇద్దరు నన్ను ఆపకపోయి ఉంటే బావమరిది సరస్సు చూసి, ఫొటోలు దిగి, సాయంత్రానికి క్షేమంగా ఇంటికి వచ్చేవాడు. అప్పుడు మీరే "బాగా తిప్పారు" అనేవారు.

రెండోబ్యాచ్
దీనికి నేనూ ఆయన పక్షమే. ప్రతి 3 రోజునా పడదు కదా.

డెన్వర్‌దొర
హెల్మెట్ లేకుండా పదేళ్లు బండి నడిపినవాడు ఇచ్చే సాక్ష్యం కూడా ఇదే.

మంచుపిల్లి
గోదారిగట్టు గారు అడిగింది నిజానికి ఈ చర్చ మొత్తంలో కష్టమైన ప్రశ్న, వెక్కిరించకండి. ఈ ఆటలో ఉన్న మోసం అదే. తప్పు చేసినా చాలాసార్లు ఏమీ కాదు. ఇంటికి వచ్చి "నా అంచనా సరైనదే" అనుకుంటాం. నేనూ మూడేళ్లు అలాగే అనుకున్నాను.

నాలుగో ఏడు, ఏప్రిల్. ఎండ బాగా కాసింది. బులెటిన్ 2. స్నోక్వాల్మీ దగ్గరే, పేరు చెప్పను, మేము ఇద్దరం ఒక చిన్న గుంటలోకి దిగుతున్నాం. పైన రాళ్ల దగ్గర నుంచి తడిమంచు ఉండలు దొర్లుతున్నాయి, చక్రాల్లా చుట్టుకుంటూ. అది ఎండకు మంచు పట్టు తప్పుతోందనడానికి గుర్తు అని నాకు తెలుసు. "మధ్యాహ్నానికి ఇంకా చెడుతుంది, త్వరగా దాటేద్దాం" అన్నాను. వెనక్కి వెళదాం అనలేదు. దాటుతుంటే ఎడమ పక్క నుంచి తడిసిమెంటులాంటిది వచ్చింది. వేగం ఏమీ లేదు, మనిషి పరుగెత్తేంత వేగం. తప్పుకోవచ్చు అనిపించింది, కాళ్లు రాలేదు. మోకాళ్లు, నడుము, ఛాతీ దాకా వచ్చి ఆగింది. ఆగిన మరుక్షణమే గట్టిపడింది. కుడిచెయ్యి లోపల ఉండిపోయింది, వేళ్లు కదపాలని చూస్తే చేతితొడుగు లోపల కూడా కదలలేదు. గాలి పీల్చితే ఛాతీ విచ్చుకోవడానికి చోటు లేదు. చిన్నచిన్న ఊపిరులు తీసుకోవలసి వచ్చింది. నా స్నేహితురాలు తవ్వడానికి 25 నిమిషాలు పట్టింది. తల బయట ఉన్న మనిషిని, ఎక్కడుందో కళ్లకు కనబడుతున్న మనిషిని, అల్యూమినియం పారతో! ఒక స్నోషూ ఇప్పటికీ దొరకలేదు.

తల కూడా లోపల ఉంటే ఆ 25 నిమిషాలకు అర్థం ఏమిటో నాకు కోర్సులో ముందే చెప్పారు. మొదటి 10, 15 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు.

గోదారిగట్టు
...సరే అండీ.

కుంకుడుకాయ
ఇది చదివి టీ చల్లారిపోయింది.

వానకోయిల
ఊరికే చదివేదాన్ని, ఒక ప్రశ్న. వచ్చే డిసెంబరులో హైదరాబాదు నుంచి ఎనిమిదిమందిమి ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాం. మేము బీకన్లు కొనాలా?

రెండోబ్యాచ్
నేను మూడు చేశాను. మొదలుపెట్టేవాళ్ల దారులు ఎక్కువగా అడవిలో, గట్ల మీదుగా వెళ్తాయి. కానీ నాకు ఒక అనుభవం ఉంది. ఒక నిర్వాహకుడి దగ్గర 22 మందికి ఒక్క పార కూడా లేదు. అడిగితే "మంచు తక్కువే సార్" అన్నాడు. మర్నాడు రెండడుగులు కురిసింది, టెంటు చుట్టూ మంచు అన్నం పళ్లేలతో తీశాం. కాబట్టి డబ్బు కట్టేముందు మూడు అడగండి: దారిలో నిటారు వాలుల కింద నుంచి వెళ్లే చోట్లు ఎన్ని, కొత్త మంచు పడితే ఎన్ని రోజులు ఆగుతారు, మార్గదర్శి సంచిలో పార, ప్రోబ్ (మంచులో పొడిచి వెతికే పొడవాటి కడ్డీ) ఉంటాయా. మూడోదానికి నవ్వితే వేరేవాళ్లను చూసుకోండి.

పాతఫౌజీ
అమ్మా, శిబిరం ఎక్కడ వేస్తున్నారో కూడా అడుగు. నడిచేటప్పుడే పడాలని లేదు. 2025 ఫిబ్రవరి 28న మాణా దగ్గర రోడ్డు కార్మికుల శిబిరం మీద తెల్లవారుజామున పడింది. 54 మందిలో 46 మందిని బయటికి తీయగలిగారు, 8 మంది పోయారు. అంతమంది మిగిలారంటే ఉక్కు కంటైనర్లలో ఉండటమే కారణం. గుడ్డ టెంటు అయితే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. డిసెంబరు అనే కాదు, 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా మీద ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందంలో 27 మంది పోయారు, ఇద్దరు దొరకనే లేదు. వాళ్లు వచ్చింది నేర్చుకోవడానికే.

వానకోయిల
అడుగుతాను అంకుల్. మా ఇంట్లో మాత్రం ఈ చర్చ చూపించను.

డెన్వర్‌దొర
బీకన్ గురించి. ఎనిమిది మందిలో ఒక్కరు కొంటే ఉపయోగం సున్నా. అది 457 కిలోహెర్ట్జ్‌లో కూస్తుంది, ఆ కూత వినడానికి పక్కవాడి దగ్గర ఇంకొకటి ఉండాలి. దానితో చోటు పట్టుకోవాలి, ప్రోబ్‌తో పొడిచి మనిషి తగిలాడో లేదో చూడాలి, పారతో తవ్వాలి. మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ బరువే. లాగితే ఉబ్బి మంచు పైన తేల్చే గాలి సంచి ఉన్న బ్యాగు కొనుక్కుంటే నేను మాత్రం బతుకుతానని ఒకాయన పోయిన ఏడు నాతో అన్నాడు. చెట్లకు గుద్దుకుంటే గాలి సంచి ఏమి చేస్తుంది?

లెక్కలమాస్టారు
ఫోను ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. బీకన్ పక్కనే పెడితే దాని చెవులు మూసినట్టే. మామూలుగా నడిచేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉండాలి. చేతికి వేడినిచ్చే బ్యాటరీ తొడుగులు కూడా అంతే.

కుంకుడుకాయ
స్టీవెన్స్ పాస్ మాట వచ్చింది కాబట్టి. పోయిన అక్టోబరులో ఐరన్ గోట్ దారిలో నడిచాం. వెల్లింగ్టన్ అనే ఊరు ఉండేచోటు అది. 1910లో రెండు రైళ్లు మంచుకు ముందుకూ వెనక్కూ వెళ్లలేక అక్కడ రోజుల తరబడి ఆగిపోయాయి. ఫిబ్రవరి ఆఖరి రాత్రి మంచు వానగా మారింది, ఉరుములు. అర్ధరాత్రి దాటాక పైవాలు మొత్తం వచ్చి రెండు రైళ్లనూ లోయలోకి తోసేసింది. 96 మంది. అమెరికాలో ఇప్పటికీ ఒక్క మంచుచరియకు పోయినవారి సంఖ్యలో అదే పెద్దది. పైవాలులో ఉన్న చెట్లు అంతకుముందే కార్చిచ్చుకు కాలిపోయాయట. తరవాత ఆ ఊరికి పేరే మార్చేశారు. కాంక్రీటు గోడ ఇంకా ఉంది, దానిమీద నాచు. అక్కడ మా పిల్లలు బిస్కెట్లు తిన్నారు.

మంచుపిల్లి
"మంచు వానగా మారింది" అన్న మాట గోదారిగట్టు గారు గుర్తుపెట్టుకోవాలి. మన కొండల్లో అన్నిటికన్నా చెడ్డ కబురు అదే. ఉన్న బరువుకు నీళ్ల బరువు తోడవుతుంది, పైగా లోపలి పట్టు వదులవుతుంది. ఐ-90 హైవే మీద ఆగిపోయి "మంచును ముందే పడగొట్టే పేలుళ్ల కోసం రోడ్డు మూశారు" అని తిట్టుకునే రోజులు చాలావరకు అవే. కీచెలస్ సరస్సు పక్కన రోడ్డు మీద మంచు పడకుండా కప్పిన పాత మంచుచూరు తీసేసి ఎత్తైన వంతెనలు కట్టింది కూడా ఇందుకే. మంచు కింద నుంచి పోతుంది, కార్లు పైనుంచి.

గోదారిగట్టు
ఆ వంతెన మీద వందసార్లు వెళ్లి ఉంటాను. సరస్సు బాగా కనబడాలని ఎత్తుగా కట్టారనుకున్నాను.

ఉప్మావ్యతిరేకి
చెట్లు గాలికి, వంతెన సరస్సుకి. మీ దగ్గర ప్రతిదానికీ ఒక అందమైన కారణం ఉంటుంది.

గోదారిగట్టు
నవ్వండి. బావమరిది తిరుగు ప్రయాణం వచ్చే గురువారం, అతనికి ఒక్క శనివారమే మిగిలింది. ఈసారి సాయంత్రమే బులెటిన్ తెరిచాను. 2 అని ఉంది. వెళ్లవచ్చు కదా?

మంచుపిల్లి
అంకె వదిలేయండి. దాని కింద ఏ సమస్య రాశారు?

గోదారిగట్టు
"గాలి పలక" అని. చెట్ల ఎత్తు దాటాక అట. గులాబీ పువ్వులాంటి బొమ్మలో ఉత్తరం, ఈశాన్యం, తూర్పు రేకులకు రంగు వేశారు.

మంచుపిల్లి
గాలి నైరుతి నుంచి వీచి, గాలి తగిలే పక్క మంచు ఎత్తుకెళ్లి అవతలి పక్క పేర్చింది. ఆ మూడు దిక్కులకు తిరిగిన వాలుల పై భాగాల్లో. ఇప్పుడు మీరు వెళ్లాలనుకున్న దారి ఏ వాలు కింద నుంచి వెళ్తుంది, అది ఎటు తిరిగి ఉంది, ఎంత నిటారు?

గోదారిగట్టు
ఎలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు
వాలు కోణాలను రంగుల్లో చూపించే మ్యాపులు ఉన్నాయి. రంగు ఉన్నదంతా సుమారు 30 డిగ్రీల దగ్గర నుంచి మొదలయ్యే నిటారు వాలు. మీ దారి గీత మీద రంగు లేకపోతే చాలదు, దాని పైన కూడా చూడండి.

గోదారిగట్టు
తెరిచాను. ఒక్క నిమిషం... మేము పోయినవారం ఆగిన చోటు గీత మీద రంగు లేదు. పైన మొత్తం ఎరుపే. బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని గోల్డ్ క్రీక్ చెరువు వైపు చూస్తున్నాను, చెరువు చుట్టూ తెల్లగా ఉంది. లోయ లోపలికి వెళ్లేకొద్దీ మళ్లీ రంగులు వస్తున్నాయి. చెరువు దాకానే అయితే?

మంచుపిల్లి
చెరువు దాకానే అయితే నేనూ వస్తాను. పులిహోర తేవాలి.

పాతఫౌజీ
ఎంతమంది, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి.

గోదారిగట్టు
ముగ్గురం, రెండు గంటలకల్లా. ఫ్రిజ్ మీద అంటించాను.